ఖుర్షిదా పెనం

మార్టూరు గ్రానైటు పాలిషింగ్ యూనిట్లలో రాజ్యం వస్తోందంటే మేస్త్రీలు కూడా గొంతు తగ్గించేవారు. ఆమె నోరు అలాంటిది. పన్నెండేళ్లు తడి రాళ్ల మధ్య నిలబడి పనిచేసింది, ఒక్కనాడూ ఎవరి చేతా మాట పడలేదు. అలాంటి మనిషి రెండు వేల నాలుగు వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కింటిదాకా నాలుగడుగులు వేయలేక తన గుమ్మంలోనే నిలబడిపోయింది. చేతిలో ఇనప పెనం ఉంది.

ఆ పెనం పక్కింటి ఖుర్షిదాది. పెళ్లికి వాళ్లమ్మ ఇచ్చింది. నూనె పీల్చి పీల్చి నల్లగా నిగనిగలాడేది. దాని మీద జొన్నరొట్టె మాడదు, అంటుకోదు. రాజ్యం ఇంట్లోనూ ఒక రేకు పెనం ఉండేది గాని, దాని మీద రొట్టె వేస్తే నడుమ బొగ్గు, అంచుల్లో పచ్చిపిండి. అందుకని పదిహేనేళ్లుగా ఖుర్షిదా పెనం రెండిళ్ల మధ్యా తిరిగేది. ఒక్క పద్ధతి మాత్రం ఎవరూ చెప్పకుండానే నడిచింది. పంది మాంసం తెచ్చుకున్న ఆదివారాల్లో రాజ్యం ముందు రొట్టెలు కాల్చుకుని, పెనం తిరిగిచ్చి వచ్చాకే మాంసం పొట్లం విప్పేది. ఖుర్షిదా అడిగిందీ లేదు, రాజ్యం మాటిచ్చిందీ లేదు.

రాజ్యం భర్త క్రీస్తుదాసు క్వారీలో రాళ్లకు బెజ్జాలు వేసేవాడు. ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని మనిషిని మంచాన పడేసింది. గుంటూరులో డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇంటికి తీసుకెళ్లి ఆయన అడిగింది పెట్టమ్మా" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో రాజ్యానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. కానీ ఆయన ఏదీ అడిగేవాడు కాదు. పది రోజులుగా గంజి తప్ప ఇంకేదీ లోపలికి పోలేదు. ఆ గంజి కూడా మధ్యాహ్నం పూట, రాజ్యం పనికి పోయినప్పుడు, ఖుర్షిదా వచ్చి పక్కన కూర్చుని తాగించేది.

శనివారం ఆయనే నోరు తెరిచి అడిగాడు. "రాజ్యం, రేపు టాకోలు చేస్తావా?"

అదొక కథ. కొన్నేళ్ల క్రితం నల్లరాయి కొనడానికి మెక్సికో నుంచి ఒక దొర వచ్చి, క్వారీ గెస్ట్‌హౌస్‌లో రెండు వారాలున్నాడు. మన అన్నం, పప్పు మొహం మొత్తి తానే వంటకు దిగాడు. కారం పట్టించిన పంది మాంసం నిప్పుల మీద కాల్చి, అనాసపండు ముక్కలు కలిపి, మొక్కజొన్న రొట్టెలో చుట్టుకుని, టాకో అంటూ తినేవాడు. ఆ నిప్పులు రాజేసింది క్రీస్తుదాసే. నెల రోజులపాటు ఇంట్లో అదే పురాణం. విని విని విసిగి రాజ్యం తన పద్ధతిలో మొదలుపెట్టింది. గుంటూరు కారం, వెల్లుల్లి, చింతపండు గుజ్జు పట్టించి, ముక్కల్ని పాత సైకిలు పుల్లలకు గుచ్చి కాల్చేది. అనాసకు బదులు దోరమామిడి, వాళ్ల రొట్టెకు బదులు జొన్నరొట్టె. పేరొక్కటే దొరది.

ఆ ఆదివారం రాజ్యం గుడిలో ఆరాధన ముగించుకుని వచ్చి రొట్టెలు కాల్చింది. పెనం ఇచ్చి రావాలని లేచేంతలో ఆయనకు దగ్గుతెర వచ్చింది. పరుగెత్తి వీపు నిమిరి, నీళ్లు తాగించి తిరిగొచ్చేసరికి కుంపటిలో బొగ్గులు కణకణలాడుతున్నాయి. పెనం మాట మరిచి మాంసం పుల్లలు పెట్టింది. కొవ్వు బొట్లు నిప్పుల్లో పడి పొగ లేచింది. ఆ వాసనకు క్రీస్తుదాసు తనంతట తానే లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రాజ్యం ప్రాణం లేచొచ్చింది.

కానీ మొదటి ముక్కే మింగుడు పడలేదు. పుళ్లు పడిన నోటికి ఎండు రొట్టె గుచ్చుకుని ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "పర్లేదులే. ఆ దొర రొట్టెని కొవ్వులో అద్ది వేడిచేసేవాడు, మెత్తగా ఉండేది" అన్నాడు, కంచం పక్కకు నెడుతూ. రాజ్యం చేతులు ఇంకేమీ ఆలోచించలేదు. రొట్టెను మాంసం కొవ్వులో అద్ది, పొయ్యి మీద వేడిగా ఉన్న పెనం మీద వేసింది.

ఆయన రెండు తిన్నాడు. ముంజేతిదాకా కారిన మామిడి రసం నాకి, "దొరకన్నా నువ్వే బాగా చేశావే" అన్నాడు. రాజ్యం నవ్వుతూ పొయ్యివైపు తిరిగింది. అప్పుడు చూసింది, అది ఎవరి పెనమో.

బూడిద, చింతపండు వేసి మూడుసార్లు తోమింది. ఇక ఎవరికీ తెలియదు. ఖుర్షిదా అత్తగారు ఐదు పూటలా నమాజు చేసే మనిషి, రేపు ఆమె రొట్టె దీని మీదే కాలుతుంది. చెబితే రేపట్నించి ఆయనకు గంజి తాగించేదెవరు? చెప్పకపోతే ఆ ముసలమ్మ ముఖం ఎలా చూడటం? అదే ఆమెను గుమ్మంలో నిలబెట్టేసింది.

చివరికి వెళ్లింది. "ఖుర్షిదా, తప్పు జరిగిపోయింది. దీని మీద పంది కొవ్వు పడింది. నా చేత్తోనే" అంది.

ఖుర్షిదా పెనం అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. పెళ్లి కానుక మరి.

"అన్న తిన్నాడా?"

"రెండు తిన్నాడు."

"దాన్నింక మా ఇంటికి తేవద్దు వదినా" అని లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం రాజ్యం పని మానేసి ఇంట్లో కూర్చుంది. మధ్యాహ్నం వేళకు ఖుర్షిదా వచ్చింది. రాజ్యం వైపు చూడకుండా, "అన్నా, లే, గంజి తాగు" అంటూ తన చోట తాను కూర్చుంది. ఆ రోజు నుంచి రోజూ వచ్చింది. ఆయనతో మాట్లాడేది, రాజ్యంతో మాత్రం లేదు. రాజ్యానికి కోపం రాలేదు. అడిగే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు.

తొలకరి వానల్లో క్రీస్తుదాసు పోయాడు. సమాధి చేసి వచ్చాక ఇంట్లో పొయ్యి వెలగలేదు. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. రాజ్యం గోడకు చేరగిలబడి కూర్చుంది. సాయంత్రం ఖుర్షిదా గిన్నెలో జొన్నపిండితో లోపలికొచ్చింది.

"పెనం ఎక్కడ పెట్టావ్ వదినా?"

రాజ్యం అటక వైపు చూపించింది. ఖుర్షిదా పెనం దించి, కడిగి, పొయ్యి మీద పెట్టి, తన చేత్తో రొట్టెలు తట్టి కాల్చింది. వేడిది ఒకటి తుంచి రాజ్యం చేతిలో పెట్టింది. తాను ఒక్క ముక్క కూడా నోట పెట్టుకోలేదు. రాజ్యం తినేదాకా మాత్రం ఆ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.