బాబాయి ఇంట్లో ఛార్జింగు

విశాఖపట్నం నుంచి హైదరాబాదులో ఉన్న చెల్లెలి ఇంటికి కారులో వెళ్దామనుకున్నప్పుడు, దారిలో ఎక్కడెక్కడ ఛార్జింగు పెట్టాలో మావారు ఫోనులో చూసి పెట్టుకున్నారు. విజయవాడ దాటాక పెద్ద రోడ్డు మీద ఫాస్ట్ ఛార్జర్లున్నాయి. భోంచేసి వచ్చేలోగా బండి సిద్ధమైపోతుంది. ఆ ప్లాను నేనే మార్పించాను. నరసరావుపేట మీదుగా వెళ్లి, గురజాల దగ్గర పల్లెలో ఉన్న బాబాయి ఇంట్లో పెట్టుకుందామన్నాను.

బాబాయి మాకు రక్తసంబంధీకుడు కాదు. వయసులో ఉండగా ఆయనా మా నాన్నా ఒకే సంఘం నుంచి సైకిళ్ల మీద బయలుదేరి పల్నాడు పల్లెల్లో బైబిలు వాక్యం చెప్పారు. ఇప్పుడు నాన్న మా దగ్గరే ఉంటారు. చెవులు మందగించాయి. ఫోనులో మాట అసలు వినబడదు. ఎడమ పక్కన కూర్చుని గట్టిగా చెబితేనే అందుతుంది. ఇంటి ప్లగ్గులో ఛార్జింగు నెమ్మదిగా ఎక్కుతుంది, పొద్దున పెడితే సాయంత్రమవుతుంది. మావారికి అది ఆలస్యం. నాకు కావలసింది ఆ ఆలస్యమే. అంతసేపూ వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చోవాలని ప్రార్థన చేసుకుని, నాన్నను వెంటబెట్టుకుని బయలుదేరాను.

మర్నాడు పొద్దున్నే వాళ్ల ఊరు చేరాం. బాబాయి నాన్నను కావలించుకుని, మంచం మీద కూర్చోబెట్టి, మా వెంట కారు దగ్గరికొచ్చాడు. ప్లగ్గు పెట్టగానే ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగింది.

“ఎర్తింగు లేనట్టుంది మామయ్యగారూ. పర్లేదు, వెనక్కెళ్లి నరసరావుపేటలో పెట్టుకుంటాం,” అన్నారు మావారు.

“ఏంది అల్లుడూ, నా ఇంటికొచ్చి కరెంటు కోసం పేట పోతావా? మా సైకిళ్లకి గాలి కొడితే చాలేది. నీ బండికి చానా మర్యాదలు చెయ్యాలే.”

ఇక ఆయన ఆగలేదు. కరెంటు పని తెలిసిన మనిషిని పక్క ఊరి నుంచి తీసుకొచ్చాడు. గోడ వారన గుంట తవ్వించి, ఇనప రాడ్డు దింపించి, బొగ్గూ ఉప్పూ పోయించాడు. నీళ్లు తనే మోశాడు. నాన్న ఒళ్లో బైబిలు పెట్టుకుని, ఎడమ చెవి గుమ్మం వైపు తిప్పి కూర్చున్నారు.

“ఏమయ్యా, అన్న నీ గుంట చూట్టానికొచ్చాడా? వచ్చి కాసేపు కూసోరాదా,” అంది పిన్ని.

“ఉండవే. ముందీ పని కానీ.”

ప్రభువు ఇంటికొస్తే ఆయన పాదాల దగ్గర కూర్చోకుండా పనుల తొందరలో పడిన స్త్రీ గురించి బాబాయి ఎన్నో ప్రసంగాలు చేసి ఉంటాడు. ఆ రోజు నుంచీ ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. మధ్యాహ్నం దాటాక పచ్చ లైటు వచ్చింది. అప్పుడైనా లోపలికొస్తాడనుకున్నాను. మళ్లీ ఎక్కడ ఆగిపోతుందోనని స్టూలు వేసుకుని ఛార్జర్ పక్కనే కూర్చున్నాడు. ఎక్కినంత చాలనుకుని సాయంత్రం మేం కదిలేసరికి ఆ ఇద్దరి మధ్యా కుశలప్రశ్నలు తప్ప మాటలేం జరగలేదు.

తర్వాత బాబాయి నాకు తరచూ ఫోను చేసేవాడు. ఎర్తు గుంట ఎండిపోకుండా నీళ్లు పోస్తున్నానని చెప్పేవాడు. “ఈసారి ఎర్ర లైటు రాదమ్మా. అన్నను తీసుకురా.”

మరుసటి ఏడు వెళ్లాం. పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. బాబాయి కారు వంక తిరిగి చూడకుండా వచ్చి నాన్నకు ఎడమ పక్కన కూర్చున్నాడు. పాత ఊళ్ల పేర్లు, పాత విశ్వాసుల పేర్లు చెవిలో గట్టిగా చెబుతూ పోయాడు. అప్పటికి నాన్నకు ఆ చెవి కూడా పోయింది. ఆయన నవ్వుతూ తలూపుతూ ఉన్నారు. దేవుడు మన మొర వింటాడు, అందులో నాకు సందేహం లేదు. కానీ నేను అడిగింది నాన్న వినాలని.

బయలుదేరే ముందు బాబాయి నాన్న చెయ్యి పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. మధ్యలో చెయ్యి వదిలి కళ్లు తుడుచుకున్నాడు. అయిపోయిందనుకుని నాన్న “ఆమేన్” అన్నారు.

బాబాయి మిగిలింది చెప్పలేదు. తనూ ఆమేన్ అన్నాడు.