ఒంటిగంటకు ముందు వచ్చిన పడవ

పంచాయతీ ఎన్నికల్లో నా మొదటి డ్యూటీ కాట్రేనికోన అవతల ఒక లంక గ్రామంలో పడింది. అప్పటికి నేను టీచరుగా చేరి ఏడాదైనా కాలేదు. ఊరి బడిలో పెట్టిన మా బూతు ఒక్క వార్డుకే. ప్రిసైడింగ్ ఆఫీసరుగా అమలాపురం నుంచి ఒక హెడ్మాస్టరుగారు వచ్చారు. ఓటర్ల వేలికి సిరా పెట్టడం నా పని.

మెంబరు పదవికి ఇద్దరు ఆడవాళ్ళు పోటీ. ఒకామె మాజీ సర్పంచిగారి కోడలు. రెండో ఆమె బుట్టలో చేపలు పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకునే మనిషి. ఆమె పొద్దున్నే ఓటేసి, "మావోళ్ళు నిన్న వేటకెళ్ళేరండి. పన్నెండింటికల్లా వచ్చేత్తామన్నారండి" అని నాతో చెప్పి రేవు గట్టు మీద నిలబడింది. బూతు కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది.

పన్నెండున్నరకే వరస ఖాళీ అయింది. పోలింగు ఒంటిగంట వరకే. ఇంకో అయిదు నిమిషాలు ఉందనగా ఇంజను చప్పుడు వినిపించింది. పడవ ఒడ్డుకు తగలక ముందే మగవాళ్ళు నీళ్ళలోకి దూకి బడి వైపు పరుగెత్తుకొస్తున్నారు.

"టైమైపోయిందండి, గేటేయించండి" అని కోడలి తరఫు ఏజెంటు లేచాడు.

హెడ్మాస్టరుగారు తన వాచీ విప్పి అతని ముందు పెట్టారు. "ఇంకా రెండు నిమిషాలుందండి. ఒంటిగంటలోపు ఆవరణలో కాలు పెట్టినవాళ్ళందరికీ ఓటుంది. అమ్మా, ఈ చీటీలు చివరి మనిషి దగ్గర్నుంచి పంచుకుంటూ రండి."

నేనూ పరుగెత్తాను. పదకొండు మంది. అందరినీ ముందుకు తోసి ఆఖరున గేటు దాటినవాడు చేపలామె భర్తే. మొదటి చీటీ అతనికే ఇచ్చాను. మరుక్షణమే గేటు పడింది.

తడి వేళ్ళ మీద సిరా నిలవడం లేదు. ఒక్కొక్కరి వేలూ నా పమిట చెంగుతో తుడిచాను. "చీర పాడైపోద్దండి" అని అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "పోనీయండి" అన్నాను. అతని వేలు పట్టుకుని సిరా గీత పెట్టాను.

రెండింటికి లెక్కింపు మొదలైంది. నాలుగు ఓట్ల తేడాతో చేపలామె గెలిచింది. ఏజెంటు మళ్ళీ లెక్కపెట్టమన్నాడు. మళ్ళీ నాలుగే.

"ఇంకోసారి లెక్కెట్టి తీసెయ్యరు కదండీ?" అని ఆమె మెల్లగా అడిగింది.

"అయిదేళ్ళ దాకా మిమ్మల్నెవరూ తియ్యలేరమ్మా" అన్నారు హెడ్మాస్టరుగారు.

ఆమె భర్త గుమ్మంలోంచి, "మెంబరుగారూ, ఇంటికెల్దారండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె మాత్రం కదల్లేదు. "మెంబరంటే ఏం పన్లు చెయ్యాలండి?" అని హెడ్మాస్టరుగారిని అడిగింది. ఆయన కట్టలకు సీలు వేస్తూనే ఒక్కొక్కటీ చెప్పారు. ప్రతిదానికీ ఆమె, "ఆయ్" అంటూ వేళ్ళు మడిచింది. మా పడవవాడు రెండుసార్లు కేకేశాడు. నాకైతే అక్కణ్ణుంచి కదలాలనిపించలేదు.