మా పెద్దమ్మ చప్పట్లు ఎవరికి

మా పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. కాఫీ కలుపుకుని, వంటింటి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, తాగకుండానే వెళ్ళిపోయింది. ఎనభై రెండేళ్ళు. రెండుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదని నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాను. ఆవిడ నేర్పిన పద్ధతిలోనే మణికట్టు పట్టుకుని నిమిషంపాటు చూశాను. తర్వాత అంబులెన్సుకి ఫోన్ చేశాను.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి ఆవిడ తెలుసు. చీర మీద ఊలు స్వెట్టరు, కాళ్ళకి తెల్ల బూట్లు, ఐస్ హాకీ స్టేడియంలో లేచి నిలబడి చప్పట్లు కొట్టే ముసలావిడ. ఆ వీడియో మీ ఫోనుకి వచ్చే ఉంటుంది. చూసి నవ్వుకుని ఇంకో పదిమందికి పంపి ఉంటారు. మీ తప్పు లేదు. కానీ అందులో ఉన్నవి మా పెద్దమ్మ మొహం, మా పెద్దమ్మ చేతులు మాత్రమే. మిగతాదంతా వేరేవాళ్ళు కుట్టి అతికించింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను నలుగురిలో మాట్లాడే మనిషిని కాను. అందువల్ల ఎంత నష్టం జరిగిందో కూడా ఇందులో చెప్పాలి.

ఆవిడ ముప్ఫై ఆరేళ్ళు ఇక్కడ అమెరికాలో ఒక ఆసుపత్రిలో ఎముకల వార్డులో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. చదువు పదో తరగతితో ఆగిపోయిన నన్ను పిలిపించుకుని, మొదట్లో తన ఇంట్లోనే పెట్టుకుని, పార్కువాళ్ళ స్కేటింగ్ రింకులో పనికి కుదిర్చింది. మంచు మీద నీళ్ళు పోసి నునుపు చేసే బండి నడపడం నా పని. ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. పనిలో చేరిన రోజు ఆవిడ ఒక నోటుబుక్కు చేతిలో పెట్టింది.

"ఒరేయ్ అబ్బాయ్, డ్యూటీలో చేసిందంతా చార్టులో ఉండాలి. రాయకపోతే చెయ్యనట్టే లెక్క," అంది.

అప్పటినుంచి ఏ రోజూ మానలేదు. మంచు మందం ఎంత, బండి ఏ మూల మొరాయించింది, ఎవరు వచ్చారు, ఏం అన్నారు. పెద్దమ్మ అన్న మాటలు కూడా వాటి మధ్యలోనే ఉంటాయి.

హాకీ ఆవిడకి వార్డులో అంటుకుంది. చీలమండ విరిగి ఆరు వారాలు మంచంలో ఉన్న ఒక ఫ్యాక్టరీ మనిషి, టీవీలో ఆట చూస్తూ, దుప్పటి సర్దడానికి వచ్చినప్పుడల్లా ఆవిడకి ఒక్కొక్క సంగతీ చెప్పేవాడట. ఆరో వారం అతను కర్రల సాయంతో లేచి రెండడుగులు వేశాడు. ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆ వార్డులో ఆవిడ అలవాటు అది. ఆపరేషన్ తర్వాత ఎవరు మొదటి అడుగు వేసినా చేతిలో పని పక్కన పెట్టి చప్పట్లు కొట్టేది. డాక్టర్లు నవ్వేవాళ్ళు. ఆవిడ మానలేదు.

స్టేడియంకి వెళ్ళడం మొదలుపెట్టాక ఆ అలవాటు అక్కడికీ వచ్చింది. గోల్ పడితే ఆవిడ లేచేది కాదు. అందరూ లేస్తారు కదా, నేనెందుకు అనేది. ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళకి, గోల్‌కి మధ్య తన కాలో కడుపో అడ్డం పెట్టి, దెబ్బ తిని, కుంటుకుంటూ బెంచి దాకా వెళ్ళేవాడు ఉంటాడే, వాడి కోసం లేచేది. వాడు కూర్చునేదాకా కొట్టేది. మూడో అంతస్తులో, కప్పుకి దగ్గరగా మా సీట్లు. కింద వాడికి వినపడదని ఆవిడకీ తెలుసు.

"వాడికి వినపడక్కర్లేదురా. ఎవరో ఒకళ్ళు చూశారు కదా, అది చాలు."

మా చర్చిలో ఆడవాళ్ళని పదిమందిని ఆవిడ ఆటకి తీసుకెళ్ళింది. బండి ఎక్కినప్పటినుంచి స్టేడియం చేరేలోపు ఆట చెప్పేసేది. "గోల్ ఎవరు వేశాడో టీవీవాడు చెప్తాడు, మీరు పట్టించుకోకండి. మంచు మీదున్న ఐదుగురిలో ఎవరి కాళ్ళు ముందు బరువెక్కుతున్నాయో చూడండి. అక్కడే గోల్ పడుద్ది." వాళ్ళు చూసేవాళ్ళు. నిజంగా అక్కడే పడేది. జన్మలో హాకీ కర్ర చూడని మనుషులు రెండో ఆటకల్లా "అదిగో, ఆ ఎర్రగడ్డంవాడు అయిపోయాడు సిస్టర్!" అని అరిచేవాళ్ళు.

అందుకే తర్వాత వచ్చినదాన్ని చూసి ఆవిడకి ఒళ్ళు మండింది.

మూడేళ్ళ క్రితం జట్టులోకి ఒక పిల్లాడు వచ్చాడు. పద్దెనిమిదేళ్ళు. మంచి ఆటగాడు, ఆ మాట పెద్దమ్మే ముందు అంది. వాడు మంచు మీద కాలు పెట్టకముందే బస్సుల మీద, మాల్ గోడల మీద వాడి మొహం వచ్చేసింది. ఫోన్ తెరిస్తే వాడు కుక్కపిల్లల్ని ఎత్తుకుంటాడు. చాక్లెట్లలో ఏది ఇష్టమో చెప్తాడు. కొత్త సూటు వేసుకుని కారు దిగి లోపలికి నడుస్తాడు, ఆ నడక ఒక వీడియో. ఆట గురించి ఒక్క ముక్క ఉండదు. ఆట తెలియనివాళ్ళని రప్పించాలంటే ఇదే దారి అని జట్టువాళ్ళు అనుకున్నారు. ఇప్పటికీ అదే అనుకుంటున్నారు.

పెద్దమ్మకి కొత్తవాళ్ళు రావడం కావాలి. ఆవిడకంటే ఎక్కువమందిని తెచ్చినవాళ్ళు ఎవరున్నారు? ఆవిడ కోపం వేరు. "కొత్తగా వచ్చేవాళ్ళకి ఒక్క మొహం చూపిస్తే చాలని వీళ్ళకి ఎవరు చెప్పార్రా? మనకి బుర్ర లేదనా? ఇరవై మంది చెమట కారుస్తుంటే అందరినీ దాచేసి ఒక్క పిల్లాణ్ణి అమ్ముకోవడం ఏంటి? ఆ పిల్లాడికైనా నిద్రపోయే టైముందా?"

పోయిన సీజన్లో మన దక్షిణాసియా వాళ్ళ కోసమని ఒక శనివారం మధ్యాహ్నం ప్రత్యేక ఆట పెట్టారు. ముందు వారం ఆ పిల్లాడి చేత కెమెరా ముందు సమోసా కొరికించారు. మొదట వచ్చిన వాళ్ళకి వాడి బొమ్మ, స్ప్రింగు మీద తల ఊగేది, ఉచితం. మా చర్చి యువకులు కలిసి టికెట్లు కొన్నారు. వాటిని ఏర్పాటు చేసింది కాలేజీలో చదివే ఒక అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగింది. పెద్దమ్మ దగ్గర సండే స్కూల్లో పాటలు నేర్చుకుంది.

రెండో పీరియడ్లో నలభై నాలుగో నంబరువాడు, ముప్ఫై దాటిన మనిషి, దూసుకొస్తున్న బిళ్ళకి అడ్డంగా పడ్డాడు. మోకాలి కింద తగిలింది. లేవలేక లేచి, ఒంటికాలి మీద బెంచికి చేరాడు. పెద్దమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మా చుట్టుపక్కల ఇంకెవరూ లేవలేదు.

అప్పుడే మైకు పట్టుకుని జట్టు తాలూకు అమ్మాయి ఒకతె, కెమెరావాడితో మెట్లెక్కి వచ్చింది. చీర చూసి వచ్చిందని నా నమ్మకం. "మేడమ్, మా స్టార్ మీకు ఇష్టమేనా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"హీ ఈజ్ ఎ గుడ్ బాయ్," అంది పెద్దమ్మ. "కానీ లుక్ ఎట్ హిమ్. ఎడమ చెయ్యి చూడు, లేవట్లేదు. భుజంలో ఏదో అయింది. మీ డాక్టరు చూశాడా? వాణ్ణి కూర్చోబెట్టండమ్మా, ప్లీజ్. బస్సు మీద బొమ్మ ఎక్కడికీ పోదు." మొత్తం ఇంగ్లీషులోనే చెప్పింది, నెమ్మదిగా, పేషెంటు తల్లికి చెప్పినట్టు. ఆ అమ్మాయి తల ఊపి, థాంక్యూ చెప్పి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆటకి స్టేడియం పెద్ద తెర మీద, అందరి ఫోన్లలో ఆ వీడియో వచ్చింది. పిల్లాడు గోల్ వేస్తాడు. మా పెద్దమ్మ లేచి చప్పట్లు కొడుతుంది. "గుడ్ బాయ్. లుక్ ఎట్ హిమ్!" అంటుంది. చుట్టూ గులాబీ రంగు గుండెలు. కింద రాత: బామ్మ కూడా ప్రేమలో పడిపోయింది.

పెద్దమ్మ తెరవైపు చాలాసేపు చూసింది. "నేనెవరికి బామ్మనిరా?" అంది. చుట్టూ జనం మావైపు తిరిగి చేతులు ఊపుతున్నారు. ఆవిడ ఒళ్ళో సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది.

మర్నాడు జట్టు ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎవరో ఎంతో తియ్యగా, "వి లవ్ యు, మేడమ్!" అన్నారట. నాలుగు రోజుల్లో పోస్టులో రెండు టికెట్లు, తల ఊగే బొమ్మ వచ్చాయి. వీడియో మాత్రం తీసెయ్యలేదు. మూడు వారాల తర్వాత పిల్లాడికి పైశరీరంలో గాయం, ఇక ఈ సీజన్‌లో ఆడడు అని ప్రకటించారు.

"అప్పర్ బాడీ ఏంట్రా!" అంది పెద్దమ్మ. "బొడ్డు పైనంతా అప్పర్ బాడీయే." భుజానికి ఆపరేషనని తర్వాత తెలిసింది. ఆవిడ గెలిచానని అనలేదు. ఆ పూట అన్నం సరిగా తినలేదు. బస్సుల మీద పిల్లాడు మాత్రం రెండు చేతులూ పైకెత్తి నవ్వుతూ తిరుగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆవిడ స్టేడియంకి రాలేదు. టీవీలో చూసేది. చప్పట్లు ఇంట్లోనే కొట్టేది.

ఇంత జరిగినా నేను ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. నోటుబుక్కులో రాసి మూసేశాను. చర్చిలో అందరూ ఆవిణ్ణి "మన హాకీ బామ్మ" అని పిలుస్తుంటే పక్కనే నిలబడి విన్నాను.

శనివారం చర్చిలో పెద్దమ్మ అంత్యక్రియల ఆరాధన. ఆ కాలేజీ అమ్మాయి రెండు రాత్రులు కూర్చుని పెద్దమ్మ ఫొటోలతో ఒక వీడియో చేసింది. చివర్లో గులాబీ గుండెల ముక్క పెట్టింది. ప్రేమతోనే పెట్టింది. జట్టుకి మెయిల్ కూడా రాసింది. వాళ్ళు వెంటనే ఒక జెర్సీ పంపారు. వెనక ఆ పిల్లాడి నంబరు, పైన పెద్ద అక్షరాలతో 'గ్రాండ్‌మా'.

పాస్టర్ గారు ఆ జెర్సీని రెండు చేతుల మీద పట్టుకుని వచ్చారు. "బ్రదర్, పెట్టె మీద ఇది కప్పుదామా? ఎంత ప్రేమగా పంపారో చూడండి."

"వద్దండి," అన్నాను.

ప్లేనో ఊరి నుంచి వచ్చిన మా బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "అదేంట్రా, అమెరికా అంతా ఆవిణ్ణి గుర్తుపట్టేది దాంతోనే కదా! నీకు నోరు రావడమే అపురూపం, వచ్చి వచ్చి దీనికా వద్దంటావ్?"

"ఆవిడ బామ్మ కాదు బావా. ఆ చప్పట్లు ఆ పిల్లాడికి కాదు."

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగారు. ఇక ఆగడానికి వీల్లేకపోయింది. కారులోంచి నోటుబుక్కు తెచ్చి ఆ ఆట జరిగిన శనివారం పుట తీశాను. చదవడం రాని పిల్లాడిలా వేలు పెట్టి చదివాను.

"శనివారం. మధ్యాహ్నం ఆట. రెండో పీరియడ్. నలభై నాలుగు అడ్డం పడ్డాడు, మోకాలి కింద దెబ్బ. కుంటుతూ వెళ్ళాడు. పెద్దమ్మ లేచింది, చప్పట్లు. ఇంకెవరూ లేవలేదు. మైకు అమ్మాయి వచ్చింది. పెద్దమ్మ చెప్పింది: మంచి పిల్లాడు, ఎడమ చెయ్యి లేవట్లేదు, కూర్చోబెట్టండి."

అంతే ఉంది. అంతే చదివి కూర్చున్నాను. ఆవిడతో ఆటకి వెళ్ళిన ఆడవాళ్ళలో ఒకావిడ, "నేనూ అక్కడే ఉన్నాను, నాకూ లేవాలని తోచలేదు," అని కొంగుతో మొహం తుడుచుకుంది.

కాలేజీ అమ్మాయి నా పక్కకి వచ్చి కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అంకుల్, మీరు నాకు ముందే చెప్పలే. ఎందుకు చెప్పలే?"

"రాసి పెట్టానమ్మా."

"రాసి మీ దగ్గరే పెట్టుకుంటే ఎట్లా తెలుస్తది అంకుల్, మాకు?"

పాస్టర్ గారు జెర్సీ మడిచి డబ్బాలో పెట్టేశారు. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి, అక్కడే, చివరి ముక్క కోసేసింది. ఆరాధనలో పెద్దమ్మ ఫొటోలు నర్సు టోపీతో మొదలై, మా వంటింట్లో చేపలు కడుగుతున్న ఫొటోతో ఆగిపోయాయి.

సోమవారం ఆ జెర్సీని, నోటుబుక్కు పుట కాపీని ఒకే డబ్బాలో పెట్టి జట్టువాళ్ళకి తిరిగి పంపాను. ఆ మాటల్ని ఇంగ్లీషులో రాసిపెట్టింది ఆ అమ్మాయే. జవాబు ఇంకా రాలేదు. వస్తే అందులో రెండు టికెట్లు ఉంటాయేమోనని నా భయం. అందుకే ఈ పత్రికవాళ్ళని చోటు అడిగాను. ఆ వీడియో మీ దగ్గరుంటే తీసెయ్యమని అడగను. ఇంకొకరికి పంపేటప్పుడు, ఆవిడ ఎవరి కోసం లేచి నిలబడిందో కూడా చెప్పండి.

నిన్న ఆవిడ ఇల్లు సర్దడానికి వెళ్ళాను. కాఫీ కప్పు కడిగి బోర్లించాను. వంటింటి కిటికీలో, పూలకుండీ చాటున, జట్టువాళ్ళు పంపిన ఆ తల ఊగే బొమ్మ ఉంది. పారేసి ఉంటుందనుకున్నాను. పారెయ్యలేదు. గాయాలకి కట్టే గాజుగుడ్డ సన్నగా కత్తిరించి, బొమ్మ మెడ చుట్టూ తిప్పి, ఎడమ చేతికి కట్టు కట్టింది. ముడి వెనక్కి, ఒరుసుకోకుండా, వార్డులో కట్టినట్టే. హీటరు గాలి తగిలి బొమ్మ తల మెల్లగా ఊగుతోంది. ఎడమ చెయ్యి మాత్రం కట్టులో కదలకుండా ఉంది.