సున్నా వేయనివ్వని ఝాన్సీ గారు

పోయిన వారం కైకలూరులో బస్సు దిగగానే చేపల మేత వాసన ముక్కుకు తగిలింది. ఎండకు వేడెక్కిన తవుడు, నూనె చెక్క కలిసిన వాసన. దాంతోపాటే ఝాన్సీ గారి గొంతు కూడా గుర్తుకొచ్చింది. ఆ పక్క సందులోనే ఆవిడ చెరువు నీళ్ళు పరీక్షించే గది నడిపేవారు. డిగ్రీ అవగానే నేను చేరిన మొదటి ఉద్యోగం అది. నాకు మొదటి అవమానం జరిగిందీ అక్కడే.

చేరిన నెలలోనే ఒకరోజు ఆక్సిజన్ పరీక్షకు వాడే మందు అయిపోయింది. ఫలితాల చీటీలో ఆక్సిజన్ గడి ఖాళీగా ఉంటే బాగుండదని సున్నా వేసి, రైతుకు ఇచ్చేశాను. ఆయన చూసి కంగారుపడి, సగం కూడా ఎదగని చేపల్ని పట్టించేద్దామని వలవాళ్ళకు ఫోన్ చేశారు. ఝాన్సీ గారు ఆ చీటీ లాక్కున్నారు. "ఆగండి రాజు గారూ, మీ చేపలకేం కాలేదండీ. మా అమ్మాయే వాటిని కాగితం మీద చంపేసింది." అక్కడున్న ఆరుగురూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

రైతులు వెళ్ళాక ఆవిడ రిజిస్టరు నా ముందు పెట్టారు. "సున్నా వేశావంటే కొలిచావని, ఏమీ లేదని తేలిందని అర్థం. నీళ్ళ సీసా వచ్చినా కొలవలేకపోతే గీత పెట్టు. సీసాయే రాకపోతే గడి ముట్టుకోకు. తెలియనిది తెలియదని రాయడానికి సిగ్గెందుకమ్మా?" ఆవిడ మీద కోపం పోలేదు కానీ ఆ పద్ధతి మాత్రం ఒంటబట్టింది.

ఇప్పుడు నేను ఏలూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. చెరువులో దింపిన సెన్సార్ జేసన్ రూపంలో, అంటే ఒక్కో పేరు, దాని ఎదురుగా విలువ ఉండేలా, సందేశం పంపుతుంది. అందులోని ఒక్కో విలువనూ దానికి కేటాయించిన గడిలో, అంకెను అంకె గడిలో, పేరును పేరు గడిలో సర్దడం మా ప్రోగ్రాం పని. కొన్ని సందేశాల్లో ఆక్సిజన్ ఎదురుగా 'నల్', అంటే విలువ లేదు, అని ఉంటుంది. కొన్నింట్లో ఆక్సిజన్ అన్న పేరే ఉండదు. "రెండిటికీ సున్నా పెట్టేయండి, స్క్రీన్ ఆగకూడదు" అన్నారు మా టీమ్ లీడ్ మురళి గారు. కుదరదని మూడు మెయిళ్ళు రాశాను. మీటింగులో ఆయన, "ఏవండీ, మీరు కోడ్ రాస్తున్నారా, కేసు వేస్తున్నారా?" అన్నారు. మళ్ళీ అందరూ నవ్వారు. "అవసరమైతే రెండూనండి" అన్నాను.

నా కోడ్‌ను ఝాన్సీ గారి రిజిస్టరులాగే రాశాను. అంకె వస్తే అంకె. నల్ వస్తే 'కొలవలేకపోయింది'. పేరే లేకపోతే 'కొలత రాలేదు'. చెరువు నంబరే లేకుంటే ఆ సందేశాన్నే తీసుకోకుండా, ఎందుకు తీసుకోలేదో చెప్పాలి. సున్నా పెట్టే తన కోడ్, నా కోడ్, రెండిట్లో ఏది ఉంచాలో చెరువు గట్టునే తేలుద్దామన్నారు మురళి గారు. అందుకే పోయిన వారం కైకలూరు వెళ్ళాం.

కొల్లేరు పక్కన మబ్బు పట్టిన మధ్యాహ్నం. మురళి గారి కోడ్ నడుస్తున్న ఆయన ఫోన్ ఎర్రగా వెలిగింది. ఆక్సిజన్ సున్నా. ఆ చెరువు రైతు సత్యం గారు కంగారుగా వలవాళ్ళ నంబరు వెతుకుతున్నారు. నా ఫోన్‌లో మాత్రం 'కొలవలేకపోయింది' అని ఉంది. "ఒక్క నిమిషం ఆగండి సత్యం గారూ" అని సెన్సార్ పైకి తీయించాను. నిండా నాచు. తుడిచి దింపగానే అయిదు చూపించింది, చేపలకు సరిపడా ఆక్సిజనే.

సత్యం గారు ఊపిరి పీల్చుకుని మురళి గారి వైపు తిరిగారు. "మా చేపలు బానే ఉన్నాయండీ. మీ ఫోనుకే ఊపిరాడట్లేదు."

ఈసారి నేను నవ్వాను. తనివితీరా నవ్వాను. మర్నాడు మురళి గారే తన కోడ్ తీసేసి నాది పెట్టారు.

తాడేపల్లిగూడెంలో ఉంటున్న ఝాన్సీ గారికి ఫోన్ చేసి, గెలిచిన కథంతా చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, "మరి ఆ నాచు రోజూ ఎవరు తుడుస్తారు?" అన్నారు. నేను దాని గురించి ఆలోచించనే లేదు. ఒకప్పుడైతే ఏదో ఒక పేరు చెప్పేసేదాన్ని. "తెలియదండీ. కనుక్కుని చెబుతాను" అన్నాను.

"బాగా చెప్పావు" అన్నారు. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. అది కూడా నేను మర్చిపోను.