వెనక నిలబడే మనిషి

అత్త పోయిందన్న మాట పొద్దున్న కుళాయి దగ్గర విన్నాను. ఖిదిర్‌పూర్‌లో మా వీధికి ఏ కబురైనా బిందెల వరసలోనే అందుతుంది. వెనకనుంచి ఎవరో, "మరి సూరమ్మతో కొట్టుకి ఎవులెల్తారు?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంకా పాడె కూడా కట్టలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన పొరుగింటావిడ. వీధిలో తెలుగువాళ్ళందరికీ అత్త, బెంగాలీలకు మాషీ. ఇక కాళ్ళు చాపుకుని కూర్చుంటుందనుకుంటే, ముసలివాళ్ళ పనులన్నీ నెత్తిన వేసుకుంది.

మా వీధి మగవాళ్ళలో చాలామంది మీసాలు రాకముందే శ్రీకాకుళం నుంచి వచ్చి, ఇక్కడి ఓడరేవు డాకుల్లో పని దొరకాలని వయసు పెంచి చెప్పినవాళ్ళే. ఆ అబద్ధం చివర్లో మెడకు చుట్టుకుంది. ఒంట్లో సత్తువ ఉండగానే, కాగితం ప్రకారం ముసలివాళ్ళయి ఇంటికొచ్చేశారు. వాళ్ళను వెంటబెట్టుకుని అత్త కాపలా పనుల కోసం గోదాముల చుట్టూ తిరిగేది. ఏ వయసు చెప్పాలత్తా, అసలుదా కాగితం మీదిదా అని వాళ్ళు గింజుకునేవారు. "నువ్వేటి సెయ్యగలవో ముందు సెప్పు. వయసు ఆళ్ళు అడిగినప్పుడు సూద్దుం" అనేది.

కొట్లలో మోసపోయిన ముసలమ్మల వెంటా ఆవిడే వెళ్ళేది. పాడైన వస్తువును మూటగట్టి కొన్నవాళ్ళే మొయ్యాలి, మొదటి మాట వాళ్ళే అనాలి. తను తలుపు దగ్గరే ఆగిపోయేది.

"నువ్వడుగు. నీ ఎనకాల నానుంటాను."

పార్టీ ఆఫీసులో ఒక మాట చెప్పిస్తే సాయంత్రానికల్లా తేలిపోతుంది కదా అనేదాన్ని. ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళాల తగువు కూడా అక్కడే తేలేది. అత్త ఒప్పుకునేది కాదు. రేపు ఇంకోటి పాడైతే మళ్ళీ వాళ్ళ గడపే ఎక్కాలి, సూరమ్మకు నోరు లేదా అనేది.

సూరమ్మ మొగుడు పోయిన మనిషి. డాకు కూలీలకు వండిపెట్టే పని అత్తే చూసిపెట్టింది. అందుకోసం కొన్న కిరసనాయిలు స్టవ్వు మొదటి రోజునుంచే కారుతోంది. అది వెలిగించాలంటే భయం, వెలిగించకపోతే పని పోతుంది. వీళ్ళు వెళ్ళినప్పుడల్లా కొట్టాయన "కాల్ ఆషున్", రేపు రండి, అనేవాడు. అత్త సరే, వస్తామనేది. అంత పెద్దావిడను నిలబెట్టడానికి మొహం చెల్లక, ఆయనే తలుపు దగ్గర ఓ స్టూలు వెయ్యడం మొదలుపెట్టాడు.

అలా తిరిగొస్తూ ఓసారి బస్‌స్టాపులో నా ఎదుటే అరుగంచు మీద కూలబడిపోయింది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. "అలిసిపోనానమ్మీ. ఎవులికీ సెప్పకు" అంది. నేను చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను.

కర్మకాండలు అయ్యాక ఒక సాయంత్రం సూరమ్మ మూట చంకనబెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. అప్పుడే బడిలో పాఠాలు చెప్పి వచ్చాను, కాళ్ళు పీకేస్తున్నాయి. రానని చెప్పాలనే ఉంది. విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాను.

మమ్మల్ని చూడగానే కొట్టాయన అలవాటుగా స్టూలు తుడిచి తలుపు దగ్గర వేశాడు. మాషీ ఏరని అడిగాడు. పోయిందని సూరమ్మ చెప్పింది. ఆయన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. కాసేపటికి మాత్రం మళ్ళీ మామూలుగానే రేపు రమ్మన్నాడు.

సూరమ్మ మూట విప్పి స్టవ్వు బల్లమీద పెట్టింది. వెనక్కి తిరిగి స్టూలు వైపు చూసింది. తరవాత తనకొచ్చిన బెంగాలీలో, రేపూ వస్తాను, మంచిది ఇచ్చేదాకా రోజూ వస్తాను అంది. ఆయన కూడా ఒకసారి స్టూలు వైపు చూశాడు. పై అరలోంచి ఇంకో స్టవ్వు దించి, కిరసనాయిలు పోసి, పాత పేపరు మీద పెట్టాడు.

ఇదీ కారి పేపరు తడుస్తుందేమోనని ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. నా కాళ్ళు ఇంకా లాగుతూనే ఉన్నాయి. స్టూలు నా పక్కనే ఖాళీగా ఉంది. కూర్చోబుద్ధి కాలేదు.