ప్రభుదాసు సారు ఇంటి మీద లిమిట్

నంద్యాల నూనెపల్లెలో ప్రభుదాసు సారంటే పిల్లలకు భయం, పెద్దలకు వినోదం. హైస్కూల్లో వ్యాయామం సారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయినా ఈల మాత్రం మెళ్ళోంచి దిగలేదు. పొద్దున నడకకు పోయినప్పుడు రోడ్డుకు అడ్డంగా ఆటో నిలబెట్టిన వాడికి ఒక్క ఈల వేస్తే, వాడు ఎవరో పోలీసనుకుని బండి తీసేసేవాడు.

ఆయనకు ఇంకో గొప్ప ఉండేది. "నేను పుట్టినాక ఒక్కనికీ రూపాయి బాకీ లేనప్పా" అని, ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. ఇల్లు కట్టేటప్పుడు భార్య గాజులు అమ్మిన సంగతి ఆ లెక్కలోకి రాదు. ఆమె ఎప్పుడూ తిరిగి అడగలేదు కాబట్టి అది బాకీ కాదని ఆయన తీర్మానం.

భార్య అరుణకుమారిది ఆళ్ళగడ్డ. చర్చి సంఘంలో స్త్రీల కూడికకు పెద్ద ఆమే. సువార్త కన్వెన్షన్ సభల రోజుల్లో అంతమందికి వంట దగ్గరుండి చేయించి, చివరి పంక్తికి కూడా పులుసు మిగిల్చే మనిషి. ఒకసారి పుట్టింటికి పోయినప్పుడు పక్కింటి గురుస్వామి ఆమెను పిలిచి కూర్చోబెట్టాడు. ఆయనకు ఆళ్ళగడ్డలో పెళ్ళిళ్ళకు శామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు బాడుగకిచ్చే అంగడి ఉంది. మోకాళ్ళు పనిచేయక దాన్ని మొత్తంగా అమ్మేస్తున్నాడు.

"బయటోళ్ళకు ఇయ్యబుద్ధి కాలేదు తల్లీ. నువ్వయితే నడుపుకుంటావు" అన్నాడు.

ఆ మాట మోసుకుని ఆమె నంద్యాల బస్సెక్కింది. ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది.

"బాగుండాది. దుడ్లు యాడ తెస్తావు?" అన్నాడు ప్రభుదాసు.

"ఇల్లుండాది గదా."

"ఉంటే? పీకి గురుస్వామికి ఇస్తావా ఏంది?"

"ఇల్లు ఈడ్నే ఉంటాది. కాగితాలు బ్యాంకులో పెడతాం."

"కాగితాలు పోయినాక ఇంగ ఇల్లేంది మే, ఉత్త గోడలు!"

అరుణకుమారి మారుమాట్లాడలేదు. ఆ రోజూ మాట్లాడలేదు, మరుసటి రోజూ మాట్లాడలేదు. కూర అడిగితే కూర, నీళ్ళు అడిగితే నీళ్ళు. ప్రభుదాసుకు గొడవంటే అలవాటే గానీ నిశ్శబ్దం అలవాటు లేదు. ఆదివారం చర్చి నుంచి వస్తూ తనే అన్నాడు: "రేపు బ్యాంకుకు పోదాం పా. అడిగేదానికి దుడ్లు కట్టాల్నా ఏంది."

బ్యాంకులో అప్పుల విభాగం చూసే అమ్మాయి ఆయన్ను చూడగానే లేచి నిలబడింది. "సార్, నేను దీపికను. ఖోఖో టీములో ఉంటిని." ఆయనకు గుర్తొచ్చింది. ప్రాక్టీసుకు లేటుగా వచ్చినప్పుడల్లా గ్రౌండు చుట్టూ ఐదు రౌండ్లు కొట్టించిన పిల్ల.

దీపిక ఓపికగా చెప్పింది. "ఇది ఒకేసారి తీసుకునే లోను కాదు సార్. మీ ఇంటి మీద ఇంతని ఒక లిమిట్ ఇస్తాం. కావాల్సినప్పుడు కావాల్సినంత తీసుకోండి. పెండ్లిండ్ల సీజన్లో దుడ్లు వస్తే కట్టేయండి. మళ్ళా కావాలంటే మళ్ళా తీసుకోవచ్చు. వాడుకున్నదానికే వడ్డీ."

"వాడుకోకపోతే?"

"వడ్డీ ఉండదు సార్."

ప్రభుదాసు ముఖం వెలిగింది. "అట్లయితే తీసుకుందాం. వాడుకోకుండా పెట్టుకుందాం."

"మరి సామాన్లు ఎట్ల కొనేది? నీ ఈల చూపిస్తే ఇస్తారా?" అంది అరుణకుమారి.

దీపిక నవ్వాపుకుని ఇంకో మాట కూడా చెప్పింది. "ఒక్కటి మాత్రం ముందే చెప్తాండా సార్. కట్టలేకపోతే బ్యాంకు ఇంటి మీదికి వస్తాది. తేలిగ్గా తీసుకోవద్దు."

ఆ తర్వాత కాగితాల తిరుగుడు మొదలైంది. దస్తావేజు తెస్తే దానికి ముందు దస్తావేజు అడిగారు. అది తెస్తే ఇంటి మీద వేరే బాకీ లేదని ఈసీ, అదీ తెస్తే ఇంటి పన్ను రసీదులు, ఆపైన మున్సిపాలిటీ ప్లాను. ప్రతిసారీ దీపిక ఎంతో మర్యాదగా "ఇంకొక్కటి సార్" అనేది. ఎండలో తిరిగి తిరిగి వచ్చి ప్రభుదాసు కుర్చీలో కూలబడితే, అరుణకుమారి మజ్జిగ చేతికిస్తూ, "ఎన్నో రౌండు సార్ ఇది?" అని అడిగింది.

చివరికి ఇంటికి విలువ కట్టడానికి బ్యాంకు తరఫున రాజశేఖర్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. టేపు పట్టి కొలిచాడు, ఫోటోలు తీశాడు. మిద్దె మీది గది దగ్గర ఆగి, ఇది ప్లానులో లేదు కాబట్టి లెక్కలోకి రాదన్నాడు.

"రాదంటే? నీ కండ్ల ముందర నిలబడుకోనుంది గదప్పా!"

"నిలబడింది సార్. కాగితంలో లేదు."

అప్పు వద్దని అంత రాద్ధాంతం చేసిన మనిషికి అంతటితో రోషమొచ్చింది. ఆ కుర్రాణ్ణి చెయ్యి పట్టుకుని ఆ గది కప్పు మీదికి ఎక్కించాడు. పంచె ఎగ్గట్టి, స్లాబు మీద ధన్ ధన్‌మని ఎగిరి దూకాడు. "చూడు! రొంతన్నా కదుల్తాందా? నిలబడి తడిపించిన స్లాబు ఇది!" పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. కింది నుంచి అరుణకుమారి అరిచింది: "దిగయ్యా సామీ! మోకాలు పోతే దానికి విలువ కట్టేవాళ్ళు ఎవరూ లేరు!"

ఇరవై ఐదు లక్షల లిమిట్ మంజూరైంది. ప్రభుదాసు రెండు రోజులు అలిగాడు. నంద్యాల జిల్లా అయినాక సెంటు ఎంత పోతోందో వీళ్ళకు తెలీదా అని వీధిలో అందరినీ అడిగాడు. రూపాయి అప్పు వద్దన్నవాడికి, ఇస్తామన్న అప్పు చాలలేదు.

అరుణకుమారి గురుస్వామికి తొమ్మిది లక్షలు కట్టి అంగడి తీసుకుంది. ఆ డబ్బు పోయినట్టు ప్రభుదాసు ఫోనుకు మెసేజి వచ్చింది. చదివాడు. కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చదివాడు. లేచి ఇల్లంతా ఒకసారి తిరిగొచ్చి, "వంటిల్లు పోయినట్టే" అన్నాడు నీరసంగా.

"పోయిన వంటింట్లోనే ఉగ్గాని చేస్తాండా. తింటావా, బ్యాంకుకు పంపియ్యమంటావా?" అని లోపలి నుంచి జవాబొచ్చింది.

మొదట్లో ఆయన ఆళ్ళగడ్డకు పోయింది సాయానికి కాదు, కాపలాకు. తన ఇల్లు కుర్చీలుగా మారి ఊళ్ళమ్మట తిరుగుతుంటే నిద్రెలా పడుతుంది? రుద్రవరంలో ఒక పెళ్ళికి సామాన్ల వెంట పోయాడు. భోజనాల దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతుంటే, అలవాటైన చెయ్యి అలవాటైన చోటికి పోయింది. ఈల మోగింది. తోపులాట ఆగిపోయింది.

"ఇదేమన్నా ఇస్కూలా?" అని పెళ్ళికూతురి తండ్రి మండిపడ్డాడు. కానీ పంక్తులు వరసగా కూర్చున్నాయి, వరసగా లేచాయి. ముసలివాళ్ళకు ముందు వడ్డించారు. ఒక్క కుర్చీ విరగలేదు. అప్పటి నుంచి ఆ పక్క బుకింగుకు వచ్చినవాళ్ళు, "సారు కూడా వస్తాడు గదమ్మా?" అని అడగడం మొదలుపెట్టారు. ప్రభుదాసు ఈ మాట విననట్టు నటించేవాడు. అంత చెడ్డగా ఇంకెవరూ నటించలేరు.

అలా సాగుతుండగా గోస్పాడులో ఒక పెళ్ళి రోజు మధ్యాహ్నం గాలివాన కొట్టింది. పెద్ద శామియానాలు చినిగాయి, ఇనుప కమ్ములు వంగాయి. ఆ వెంటే ఆషాఢం. అంగట్లో ఈగలు తప్ప ఎవరూ లేరు. కొత్త గుడ్డకు, కమ్ములకు మళ్ళీ లిమిట్‌లోంచి తీయాల్సి వచ్చింది. వడ్డీ ఆయన పెన్షన్ నుంచి పోయింది. దీపిక చెప్పిన ఆ ఒక్క మాట ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ పైకి అనలేదు.

ఒక రోజు ప్రభుదాసు అంగడికి పోయేసరికి, అరుణకుమారి కుర్చీల దొంతుల మధ్య నేల మీద కూర్చుని దబ్బనంతో చినిగిన గుడ్డ కుడుతోంది. జుట్టంతా దుమ్ము. ఆయన చెప్పులు విడిచి, అవతలి కొస పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమన్నా అంటావేమోనని చూస్తాండా" అందామె తలెత్తకుండా.

"అందామనే వచ్చినా. గుడ్డ బరువుండాది, ముందు ఇది కానీ."

ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదలు. ఆయన అనాల్సింది తర్వాత కూడా అనలేదు. మరిచిపోయాడో, మరిచిపోయినట్టు ఉన్నాడో ఆమె ఆరా తీయలేదు.

శ్రావణంలో పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. డిసెంబరులో క్రిస్మస్ కూడికలు కలిసొచ్చాయి. వచ్చింది వచ్చినట్టు ఆమె ఖాతాలో కట్టేసేది. బాకీ తగ్గేకొద్దీ ప్రభుదాసుకు ధైర్యం పెరిగింది. ఇప్పుడు ఆయనకు అన్నీ కావాలి. రంగుల లైట్ల స్టేజీ కావాలి, పెద్ద జనరేటర్ కావాలి, పెళ్ళికొడుకు నడిచొస్తుంటే పొగ వదిలే మిషను కావాలి. "లిమిట్ ఖాళీగా పడుండాది గదమ్మే!" అంటాడు. "ఖాళీగా ఉంటే మనకు నిద్ర పడతాది" అంటుంది ఆమె.

మొన్న దీపిక ఫోను చేసింది. "ఖాతా బాగా నడుపుతాండారు సార్. ఇంటి విలువ మళ్ళా కట్టించి లిమిట్ పెంచమంటారా?"

ఫోను పెట్టేలోపే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. అరుణకుమారి బండి తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది.

"రుద్రవరంలో గంగాళాలు ఉండిపోయినాయి. సామాన్ల ఆటోలో పోయి తీసుకరా పో. ఆ చొక్కా విప్పి పో, మసి అయితాది."

ఆయన గొణుక్కుంటూ పోయాడు. గంగాళాలు తెచ్చాడు. దారిలో జనరేటర్ల అంగడి ముందు చాలాసేపు ఆగామని ఆటో డ్రైవరు నోరుజారాడు. ఆమె విననట్టే గంగాళాలు దింపించి, బూడిద, పీచు తెచ్చి మొగుడి ముందు పెట్టింది.