సొరకాయ గద

నా చిన్నప్పుడు దీవిలోని మా ఊరు పిటాన్‌లో చెరకు కోతలు ముగిశాక, కూలికి వలసొచ్చిన మన తెలుగువాళ్ళు వీధి నాటకం ఆడేవారు. అందులో రాక్షసరాజు పట్టే గద మా ఇంటి నుంచే వెళ్ళాలి. అది మా వంశానికి దక్కిన మర్యాద. చెరకు తోటలో కూలీల మీద సర్దారుగా పనిచేసి సొంత పొలం కొన్న మా తాతయ్య, పనసచెక్కతో ఆ గద చేయించి ఇత్తడి పట్టీలు వేయించాడు. ఏటా డప్పులు మా గుమ్మానికి వచ్చి దాన్ని అందుకున్నాకే నాటకం మొదలయ్యేది.

ఒక్క తుఫాను అంతా మార్చేసింది. కూలిన దూలం కింద గద రెండుగా చీలిపోయింది. ఆ బెంగతోనే తాతయ్య పోయాడు, పొలం చేతులు మారింది. నానమ్మా నేనూ గడ్డి కప్పిన గుడిసెలోకి మారాం. అయినా ఎనిమిదేళ్ళ నేను సర్దారు మనవడిలాగే నిటారుగా నడిచేవాణ్ణి. తాతయ్య కింద పనిచేసిన బండివాళ్ళను పలకరించేవాణ్ణి కూడా కాదు.

నాటకం దగ్గర పడుతుండగా మూల దుకాణం ఆయన వచ్చాడు. "ఈసారి గద మా ఇంటి నుంచి పంపుతాంలే పిన్నీ, నీకెందుకు శ్రమ?" అన్నాడు.

"డప్పులను ఎప్పటిలాగే ఇటే రమ్మను నాయనా," అంది నానమ్మ. ఇంట్లో గద లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన వెళ్ళగానే నానమ్మ విత్తనానికని చూరుకు వేలాడదీసిన ఎండు సొరకాయను దించింది. దానికి వెదురు పిడి గుచ్చి, కదలకుండా గోనెపీలికలు చుట్టింది. కలబంద నారతో పేనిన తాడు పట్టీల్లా బిగించింది. ముళ్ళ కోసం నేను సరుగుడు కాయలు ఏరుకొచ్చాను. టీ పెట్టె లోపల ఉండే వెండి కాగితం పక్కింటి అక్క చీనావాడి కొట్లో అడిగి తెచ్చింది. ఆ కాగితం అతికించడం నా పని. చింతగింజలు నానాలి, పొట్టు తీసి రుబ్బి బంక కాయాలి, రేపటిదాకా ఆగమంది నానమ్మ. నేను ఆగలేదు. ఆవు దాణాలో కలపడానికి మిల్లు నుంచి తెచ్చిన చెరకు మడ్డి డబ్బాలో ఉంది. అది పూసి అతికించాను. చక్కగా అంటుకుంది.

నాటకం నాటి ఉదయం చూస్తే వెండి గద నల్లగా కదులుతోంది. ఒళ్ళంతా చీమలు.

"అయ్యో, నీ రాక్షసుడి గదకు వెంట్రుకలు మొలిచాయిరా!" అని అక్క పడీపడీ నవ్వింది. నేను ఏడవలేదు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

నానమ్మ తిట్టలేదు. "చీమలకు నచ్చింది. ఇక మనుషులకు నచ్చేలా చేద్దాం. కడుగు," అంది. మధ్యాహ్నం దాకా నాచేత నానిన చింతగింజలు రుబ్బించి, ఆ బంకతో కాగితం మళ్ళీ అతికించింది. కాగితం చిరిగినచోట పసుపూ దీపపు మసీ కలిపి పూసింది. దూరం నుంచి అది పాత ఇత్తడిలాగే కనిపించింది.

డప్పులు వచ్చాయి. దుకాణం ఆయన కూడా వచ్చాడు. ఆయన చేతిలో కొత్త చెక్క గద సిద్ధంగా ఉంది. "రెండు చేతులా పట్టుకో, తొందరగా నడవకు," అని నానమ్మ మా గదను నా అరచేతుల్లో పెట్టింది. నేను గడప దాటగానే గాలి విసిరింది. గద ఊగింది.

"సొరకాయలా ఉందే!" అన్నాడు దుకాణం ఆయన. డప్పులు ఆగిపోయాయి.

రాక్షసరాజు వేషం కట్టింది ఒక బండివాడే. చెరకు మోపులను ఒంటిచేత్తో బండికెక్కించే మనిషి. నేను ఏనాడూ పలకరించనివాడు. అతడు నా చేతుల్లోంచి గద అందుకున్నాడు. అందులో బరువేమీ లేదని ఆ క్షణమే అతనికి తెలిసి ఉంటుంది. ఒక్కసారి నా కళ్ళలోకి చూశాడు. తర్వాత అతని మోకాళ్ళు వంగాయి, మెడ నరాలు ఉబ్బాయి. మొదటిసారి ఎత్తలేక, రెండోసారి పళ్ళు బిగించి భుజానికెత్తాడు.

"పెద్దమ్మా, పోయినేటికంటే బరువు పెంచావే!" అని రొప్పుతూ అరిచాడు. డప్పులు ఒక్కసారిగా మోగాయి. దుకాణం ఆయన తన గదను వెనక్కి తిప్పి పట్టుకున్నాడు.

మర్నాడు దారిలో ఎదురైన ఆ బండివాణ్ణి నేనే ముందు "మామయ్యా" అని పిలిచాను. అతను గద సంగతి ఎత్తలేదు, చనిపోయేదాకా ఎవరితోనూ చెప్పలేదు.

నా వీపు ఈనాటికీ నిటారుగానే ఉంది. కానీ ఎవరు నాకేమిచ్చినా, గుప్పెడు పల్లీలైనా, రెండు చేతులా అందుకుంటాను. అప్పుడు మోకాళ్ళు కొంచెం వంగుతాయి. వయసు మీద పడిందని మా మనవలు అనుకుంటారు.